తరుగు

తెల్లవారుజాము మూడున్నర. హెర్‌స్టన్ కొండ మీద
కర్ల్యూ పిట్ట, ఎవరో పోయినట్టు ఏడుస్తోంది.
ఉద్యోగంలో చేరిన వారం సెక్యూరిటీకి ఫోన్ చేశాను,
చెట్ల వెనక ఆడమనిషెవరో ఆపదలో ఉందని.
అవతల అబ్బాయి నవ్వాడు: "బ్రిస్బేన్‌కి కొత్తా?"

ఇప్పుడు పాతే.
గాజు కుప్పెలో నీళ్లు మరుగుతున్నాయి.
కరిగిన బంగారపు ఉప్పు, లేత పసుపు,
ఐసు కరిగిపోయిన చెరుకురసమంత పలచన.
సిట్రేట్ పోస్తాను.
పసుపు పోతుంది. బూడిద రంగు. ఆపైన నలుపు.
అక్కడ ఊపిరి బిగపట్టాలి, ఎన్నేళ్లు చేసినా.
తర్వాత, లోపలెవరో దీపం పెట్టినట్టు
ఎరుపు.

బంగారం బాగా చిన్నదైతే పచ్చగా ఉండదు.
మా తాత నమ్మేవాడు కాదు ఈ మాట.
ప్రొద్దుటూరు అంగట్లో గురిగింజలతో తూచిన మనిషి,
గీటురాయి మీద గీత చూసి
ఎంత రాగి కలిసిందో చెప్పేవాడు.
ఇది నీ గింజల రంగే, తాతా.
ఒక్క గింజ ఎత్తు బంగారంలో ఇలాంటి నలుసులు
పదిహేను కోట్ల కోట్లు.
ఏ రాయి మీదా గీత పడదు.

నేనూ రాగే కలుపుతాను, కాకపోతే
సీసపు గోడకి ఇవతల నిలబడి, మరచేతులతో.
ఆ రాగి పన్నెండు గంటల నలభై నిమిషాలకు సగమవుతుంది,
మళ్లీ అంతసేపటికి సగంలో సగం.
తల్లి బంగారంలోనైనా తరుగు తీస్తారని
మా వాళ్ల మీద సామెత.
నేను చిటికెడు తీసుకోను.
తరుగంతా గడియారానికే.

ఆర్డరు కాగితం మీద పేరుండదు.
నంబరు, సూది వేసే వేళ, బరువు.
పదిహేడో నంబరు:
మార్చిలో అరవై నాలుగు కిలోలు.
మేలో అరవై ఒకటి.
జులైలో యాభై ఏడున్నర.
బరువును బట్టి మోతాదు కదా,
నేనూ తగ్గిస్తూ వచ్చాను, సిరంజిలో గీత తర్వాత గీత.

ఒక బుధవారం మీటింగులో తెర మీద బొమ్మ వేశారు.
కాలేయం భగ్గుమంటోంది. ఎప్పుడూ అంతే,
మా నలుసులు దాదాపు అన్నీ అక్కడే చిక్కుకుంటాయి.
క్లోమం తోక దగ్గర మాత్రం ఒక నిప్పురవ్వ,
చేరాల్సిన చోటికి నూటికి ఒకటిగా చేరినవి.
అందరూ రవ్వనే చూశారు.
నేను ఎడమ భుజంలోని రెండు మరమేకులు చూశాను.
ఎప్పుడు పడిందో. గుర్రం మీంచా,
పెరట్లో మామిడికాయలు కోయబోయి నిచ్చెన మీంచా.
"పడింది" అంటున్నాను, ఆడో మగో తెలీదు.

ఇవాళ సెప్టెంబరు. జకరండాలింకా పూయలేదు.
కాగితం మీద యాభై ఎనిమిది పాయింట్ రెండు.
ఏడు వందల గ్రాములు!
డాక్టర్ ఇంగ్రిడ్‌కి నిన్న సాయంత్రమే చూపించాను.
తలెత్తకుండా అంది, "కడుపులో నీరు పట్టినా పెరుగుతుంది."
తెలుసు.
తాత కాటాకీ తెలిసేది కాదు,
పళ్లెంలో ఉన్నది బంగారమో
లోపల కూరిన లక్కో.

అయినా గీత దగ్గర ఆగి
ఇంకొక్క వెంట్రుకవాసి ఎక్కువ ఎత్తాను.

ఐదుంబావుకి సియోనె వచ్చాడు,
రగ్బీ ఆడి అరిగిన మోకాళ్లతో మెట్లు దిగుతూ.
ఐదు మిల్లీలీటర్లకి పద్నాలుగు కిలోల సీసం.
"ఎవరివాళ?"
"పదిహేడు."
పెట్టెకి సీటుబెల్టు కట్టి, లాగి చూసి,
డోరు వేయబోయి మళ్లీ లాగి చూశాడు.

వ్యాన్ లైట్లు కొండ దిగాయి. పిట్ట ఊరుకుంది.
కుప్పె అంచున పట్టిన ఎరుపు సబ్బుకి పోదు.
ద్రావకం పోసి
అది మళ్లీ పసుపయ్యేదాకా
అక్కడే నిలబడ్డాను.